వేడిని గాలికి అప్పగించే పెట్టె

మార్చి నెలాఖరు ఆదివారం. చెన్నై నుంచి బెంగళూరు వెళ్ళే హైవే పక్కన, శ్రీపెరంబుదూరు రాకముందే తగిలే ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్. పొద్దున పదిన్నరకే నీడలో 36 డిగ్రీలు. ఆ రోజు రేసు లేదు. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారును దాని పూర్తి సత్తాతో నడిపి చూసుకునే ‘ట్రాక్ డే’. నా స్నేహితుడు తన టర్బో పెట్రోల్ కారుతో దిగాడు. మూడు ల్యాపులు హుషారుగా తిరిగాడు. నాలుగో ల్యాపులో మెల్లగా పిట్ లేన్‌లోకి వచ్చి ఆగాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం. బోనెట్ ఎత్తగానే వేడి సెగతో పాటు పాకం మాడినట్టు తియ్యటి వాసన. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్, బయటికి చిమ్మిందని ఆ వాసనే చెప్పేస్తుంది.

“నాకేం అర్థం కావట్లేదురా. మే నెల మిట్టమధ్యాహ్నం అణ్ణాసాలై ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంటసేపు నిలబడ్డా ఈ టెంపరేచర్ ముల్లు కదల్లేదు. ఇక్కడ పట్టుమని పది నిమిషాలు కాలేదు” అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు గ్రిల్ వెనక నిలబడి ఉండే ఒక పలుచటి పెట్టెలో ఉంది. దాని పేరు రేడియేటర్. ఇంజన్‌కు దక్కినంత పేరు దానికి ఎప్పుడూ దక్కలేదు. కానీ అది లేకపోతే ఇంజన్ బతుకు నిమిషాల్లో తెల్లారిపోతుంది.

ముందు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. వేడిని ఎవరూ మాయం చేయలేరు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చగలరు, అంతే. సిలిండర్లో పుట్టిన వేడిని లోహం నీటికి, నీరు రేడియేటర్ రెక్కలకు, రెక్కలు గాలికి అందించాలి. ఇంటికి స్లాబు వేసే రోజున కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతికి చెయ్యి అందించుకుంటారు చూడండి, అచ్చం అలాగే. వరసలో ఒక్క చెయ్యి మందగించినా తట్టలు దాని వెనక పేరుకుపోతాయి.

మరిగే నీళ్ళ నుంచి తేనెపట్టు దాకా

1886లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంట్ తీసుకున్నప్పుడు దానికి రేడియేటర్ లేదు. సిలిండర్ చుట్టూ నీళ్ళుండేవి. అవి మరిగి ఆవిరైపోతూ వేడిని తీసుకుపోయేవి. ఆవిరయ్యే నీరు చాలా వేడిని మోసుకుపోతుంది. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100కు తేవడానికి సుమారు 290 కిలోజూళ్ళు చాలు. అదే కిలో నీటిని ఆవిరి చేయాలంటే దాదాపు 2,260 కిలోజూళ్ళు కావాలి. కాకపోతే పోయిన నీటిని మళ్ళీ పోస్తూ ఉండాలి. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ఆ బండిలో వెళ్ళింది. దారి పొడవునా నీళ్ళు దొరికిన చోటల్లా ఆగి పోసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

ఇంజన్లు బలపడేకొద్దీ ఆ పద్ధతి పనికిరాకుండా పోయింది. డైమ్లర్ కంపెనీలో విల్‌హెల్మ్ మేబాఖ్ అనే ఇంజనీరు ఈ సమస్య పట్టుకున్నాడు. నీటిని పారబోసుకునే బదులు, అదే నీటిని తిప్పి తిప్పి వాడుకోవాలి. దానికి నీటికీ గాలికీ మధ్య వీలైనంత ఎక్కువ వైశాల్యం కావాలి. ఎమిల్ జెలినెక్ అనే వ్యాపారి రేసుల కోసం ఒక కొత్త కారు అడిగాడు. దానికోసం మేబాఖ్ 6 మిల్లీమీటర్ల చదరపు నోరు ఉన్న 8,070 చిన్న గొట్టాలను కలిపి అతికి, తేనెపట్టు లాంటి పెట్టె తయారుచేశాడు. గొట్టాల గుండా గాలి, వాటి మధ్య సన్నటి సందుల్లో నీరు. పాత రేడియేటర్‌కు 18 లీటర్ల నీరు కావాల్సిన చోట దీనికి 9 లీటర్లు సరిపోయాయి. 35 హార్స్‌పవర్ల ఆ కారు 1900 డిసెంబరులో జెలినెక్ చేతికి వచ్చింది. 1901 మార్చిలో ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో జరిగిన పోటీల్లో తిరుగులేకుండా గెలిచింది. జెలినెక్ కూతురి పేరే ఆ కారుకు పెట్టారు: మెర్సిడెస్. ఈనాడు మన ఇంటి ముందు నిలబడి ఉండే కారులోని రేడియేటర్ మూలపురుషుడు అలా రేసు కోసం పుట్టినవాడే.

తర్వాతి ముప్పై, నలభై ఏళ్ళలో ఆ పెట్టెకు ఒక్కొక్కరే తోడు వచ్చారు. ఫోర్డ్ మోడల్ టీలో చాలా కాలం పంపే లేదు. వేడి నీరు పైకి, చల్లటి నీరు కిందికి పోయే సహజ గుణంతోనే సరిపెట్టుకున్నారు. తర్వాత నీటిని గట్టిగా తోసే పంపు మామూలైపోయింది. చల్లటి ఇంజన్ త్వరగా వేడెక్కేలా నీటిని ఆపి ఉంచే థర్మోస్టాట్ వచ్చింది. దాని లోపల ఉండేది ఒక రకం మైనం. 82 నుంచి 90 డిగ్రీల మధ్య కరిగి ఉబ్బి, వాల్వును తోస్తుంది. ఇది కళ్ళారా చూడాలంటే పాత థర్మోస్టాట్‌ను దారానికి కట్టి గిన్నెడు నీళ్ళలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. నీళ్ళలో సన్నగా బుడగలు లేచే వేళకు, మూసుకున్న ఇత్తడి మూత కరెంటు, మోటారు ఏమీ లేకుండా తనంతట తాను మెల్లగా తెరుచుకుంటుంది. నీరు చల్లారితే మళ్ళీ మూసుకుంటుంది.

చివరగా వచ్చింది ప్రెషర్ క్యాప్. ఇది మన వంటింటి కుక్కర్ సూత్రమే. మామూలు గాలి ఒత్తిడి దగ్గర నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. ఒత్తిడి రెట్టింపైతే 120 దాకా మరగదు. ఆ నీటికి ఇథిలీన్ గ్లైకాల్ సగానికి సగం కలిపితే మరిగే హద్దు ఇంకొంచెం పైకి జరుగుతుంది. కుక్కర్ బరువు అరిగిపోతే పప్పు ఉడకనట్టే, క్యాప్ స్ప్రింగు మెత్తబడితే కూలెంట్ ముందే మరుగుతుంది. కొన్ని వందల రూపాయల ఈ మూతను ట్రాక్‌కు వెళ్ళే ముందు మార్చడం తెలివైన ఖర్చు. ఇంజన్ వేడిగా ఉండగా మాత్రం ఆ మూత మీద చెయ్యి వేయకూడదు. ఒత్తిడి పోగానే 115 డిగ్రీల నీరు ఆ క్షణంలోనే మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

మద్రాసు ఎండలో

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరుచుకుంది. ఆ దారిలో కొండెక్కిన పాత కార్లను ఎరిగిన పెద్దవాళ్ళకు బోనెట్ ఎత్తి, తడిగుడ్డ పట్టుకుని, డబ్బాతో నీళ్ళు పోస్తూ నిలబడ్డ డ్రైవర్ బొమ్మ ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. ఇంజన్‌కు పని ఎక్కువ, వేగం తక్కువ కాబట్టి గాలీ తక్కువ. ఘాట్ రోడ్డు కారుకు పెట్టే పరీక్ష అదే. రేస్ ట్రాక్‌లో గాలి దండిగా దొరుకుతుంది. కానీ ఇంజన్ పని ఘాట్ రోడ్డు మీదకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రేస్ ట్రాక్ పెట్టే ఆ పరీక్షకు మద్రాసు చాలాకాలంగా వేదిక. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది. నగరానికి ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు నడిచాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. దాదాపు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజన్‌తో తయారుచేసిన చిన్న రేసు కార్లు, ఫార్ములా మారుతి, ఆ తరం కుర్రాళ్ళకు బడి అయ్యాయి. 2005లో ఫార్ములా వన్‌కు చేరిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తొలి రేసు చేసింది ఈ ట్రాక్ మీద, ఆ ఫార్ములా మారుతితోనే. సరుకులు మోసుకుని, పిల్లల్ని బడికి దింపే కారు ఇంజన్‌ను రేసుకు తెస్తే ఎంత వేడిని భరించగలదన్న ప్రశ్న ఈ గడ్డకు కొత్తది కాదు.

నీళ్ళు లేకుండా చల్లబడే ఇంజన్లకూ ఈ నగరమే ఇల్లు. తిరువొత్తియూరులో 1956 నుంచి తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలతో, ఎదురుగాలితోనే నెట్టుకొచ్చాయి. ఆ కంపెనీ మొదటిసారి నీటితో చల్లబడే ఇంజన్ పెట్టింది 2023లో వచ్చిన హిమాలయన్ 450కి. చిన్న ఇంజన్ నుంచి ఎక్కువ బలం రాబట్టాలంటే గాలి ఒక్కటే చాలదు, గాలి దాకా వేడిని మోసుకెళ్ళే నీరు కూడా ఉండాలి.

లెక్క చెప్పే నిజం

ఇంజన్‌లో మండిన పెట్రోల్ శక్తిలో, స్థూలంగా, మూడో వంతు చక్రాలకు చేరుతుంది. మూడో వంతు పొగతో పోతుంది. మిగతా మూడో వంతును రేడియేటర్ మోయాలి. నా స్నేహితుడి కారు లాంటి 150 హార్స్‌పవర్ల కారును ఉదాహరణగా తీసుకుందాం. హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిదానంగా పోతుంటే కూలెంట్‌లోకి వచ్చే వేడి 15, 20 కిలోవాట్లు. ట్రాఫిక్‌లో నిలబడితే ఇంకా తక్కువ. అందుకే అణ్ణాసాలైలో ముల్లు కదల్లేదు. ట్రాక్ మీద ప్రతి మలుపు నుంచీ యాక్సిలరేటర్ నేలకు తొక్కి బయటపడుతుంటే సగటున 50 కిలోవాట్లు వస్తుంది. 2 కిలోవాట్ల గీజర్లు ఇరవై అయిదు ఒకేసారి వేసినట్టు. కారు సాధారణంగా ఇంత వేడిని కొన్ని సెకన్లే చూస్తుంది. ఓవర్‌టేక్ అయిపోగానే డ్రైవర్ కాలు తీస్తాడు. ట్రాక్ మీద ఆ విరామం ఉండదు.

రేడియేటర్ ఎంత వేడిని వదులుతుందన్నది కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95, గాలి 36 ఉంటే తేడా 59 డిగ్రీలు. ఆ తేడా దగ్గర మన రేడియేటర్ 42 కిలోవాట్లు వదలగలదనుకుందాం. వచ్చేది 50, పోయేది 42. మిగిలిన 8 కిలోవాట్లు ఇంజన్‌ను వేడెక్కిస్తాయి. ఇంజన్ వేడెక్కేకొద్దీ తేడా పెరుగుతుంది, రేడియేటర్ కూడా ఎక్కువ వదులుతుంది. చివరికి 106 డిగ్రీల దగ్గర రాబడీ పోకడా సమానమై ముల్లు నిలబడుతుంది. ఒక్కో ల్యాపుకు రెండు నిమిషాలు పైన పడుతుంది కాబట్టి ఆ ముల్లు నిలబడేసరికి మూడో ల్యాపు వచ్చేస్తుంది. మొదటి ల్యాపు బాగుందని ధైర్యపడకూడదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఇదే కారును ఇలాగే 20 డిగ్రీల చల్లటి ఊళ్ళో నడిపితే 90 దగ్గరే నిలబడేది. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక బయట ఒక డిగ్రీ పెరిగితే లోపల కూడా ఒక డిగ్రీ పెరుగుతుంది. చెన్నైలో ట్రాక్ మీదికి దిగేవాడు ఆ 16 డిగ్రీలను ముందే ఖర్చుపెట్టేసి దిగుతున్నాడు. మనకు ఊపిరాడనివ్వని సముద్రపు ఉక్క మాత్రం రేడియేటర్‌ను పెద్దగా బాధించదు. మనిషి చెమట ఆరితేనే చల్లబడతాడు, రేడియేటర్‌కు చెమట లేదు. దానికి గాలి వేడి ఒక్కటే లెక్క.

మరి 106 దగ్గర ఆగాల్సిన కారు ఎర్ర దీపం దాకా ఎందుకు వెళ్ళింది?

పుదుప్పేటలో

పాత విడిభాగాలకు చెన్నైలో పేరుపడ్డ పుదుప్పేటలో ఒక రేడియేటర్ మెకానిక్ దగ్గరికి కారు తీసుకెళ్ళాం. అరవై దాటిన మనిషి. వాళ్ళ నాన్న నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. మా మాట వినగానే తెలుగులోకి దిగాడు. రేడియేటర్ విప్పి, నోళ్ళు మూసి, లోపలికి గాలి పట్టించి నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఎక్కడా బుడగ రాలేదు. అంటే చిల్లు లేదు. తర్వాత టార్చి తీసి వెనక నుంచి రెక్కల మీద వేశాడు. ముందు నుంచి చూసిన మాకు కాంతి సన్నటి గళ్ళుగా కనబడాలి. కింది వరసల్లో చీకటి. ఎర్రమట్టి, చచ్చిన పురుగులు, టైరు రబ్బరు పొడి కలిసి గట్టి పొరలా పట్టేశాయి.

“ఆరో వంతు మూసుకుపోయింది సార్” అన్నాడు. నేను మనసులో లెక్క కట్టుకున్నాను. ఆరో వంతు తగ్గితే మన ఉదాహరణలోని ముల్లు 106 దగ్గర కాదు, 120 దగ్గర నిలబడుతుంది. అంత వేడిలో సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల పక్కన ఆవిరి బుడగలు పుడతాయి. తాకుతున్న లోహం నుంచి వేడిని లాగడంలో ఆవిరి పొర నీటికి సాటిరాదు. అక్కడి నుంచి హెడ్ వంకరపోవడం, గాస్కెట్ పోవడం ఎంతో దూరం కాదు.

ఆయన ఇంకా ముగించలేదు. రేడియేటర్‌కూ దాని పక్కనున్న చట్రానికీ మధ్య వేలు దూర్చి చూపించాడు. “ఈ సందు చూశారా? ఇక్కడ కంపెనీ ఫోమ్ పట్టీ ఉండాలి. ఎప్పుడో బంపర్ విప్పి పనిచేసినవాళ్ళు మళ్ళీ పెట్టలేదు. గాలికి బద్ధకం ఎక్కువ సార్, సులువైన దారి దొరికితే రెక్కల్లోంచి ఎందుకు దూరుతుంది? అందరూ బండికి నీళ్ళు తాగిస్తారు. తాగించాల్సింది గాలి.”

ఆ ముసలాయన మాట ఈ మొత్తం విద్యకు మూలసూత్రం. కారు బలం పెంచే వస్తువులు కొనడానికి ముందు వేడి వెళ్ళే దారి శుభ్రం చేయాలి. రెక్కలను వెనక నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. సందులన్నీ ఫోమ్‌తో మూయాలి. బోనెట్ వెనక అంచు ఎత్తి పెడితే వేడి బయటికి పోతుందని కొందరు వాషర్లు వేస్తారు. ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ గాలి లోపలికే రావచ్చు. అసలు గాలి రంధ్రాలు ఉండాల్సింది రేడియేటర్‌కు కాస్త వెనకగా, బోనెట్ ముందు భాగంలో. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది కాబట్టి ట్రాక్ మీద ఏసీ ఆపాలి. వేడి హద్దు దాటుతుంటే హీటర్ పూర్తిగా వేయాలి. అది డ్రైవర్‌కు నరకమే కానీ ఇంజన్‌కు ఇంకో చిన్న రేడియేటర్ దొరికినట్టు.

కూలెంట్ కోసం బోరు నీళ్ళు పోయకూడదు. చెన్నై భూగర్భ జలంలోని లవణాలు సన్నటి గొట్టాల లోపల పొరకడతాయి. వేడి మోయడంలో శుద్ధమైన నీరే మేటి. గ్లైకాల్ కలిస్తే ఆ సామర్థ్యం ఆరో వంతు దాకా తగ్గుతుంది, కానీ తుప్పును ఆపేదీ, మరిగే హద్దును పెంచేదీ ఆ కూలెంటే. రోడ్డు మీద కూడా నడిచే కారుకు డిస్టిల్డ్ వాటర్‌తో సరైన పాళ్ళలో కలిపిన మంచి కూలెంట్ ఉంటే చాలు.

ఇంజన్ ఆయిల్‌ను మరవకూడదు. పిస్టన్ల అడుగున వేడిని మోసేది అదే. నీటికంటే నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగానే చల్లారుతుంది. 130 దాటితే పలచబడి బేరింగుల మధ్య పొర బలహీనమవుతుంది. మంచి సింథటిక్ ఆయిల్, అవసరమైతే విడిగా ఆయిల్ కూలర్ పెట్టుకోవాలి. డ్యాష్‌బోర్డు ముల్లును పూర్తిగా నమ్మకూడదు. చాలా కార్లలో డ్రైవర్ కంగారుపడకుండా ముల్లును ఓ పెద్ద పరిధిలో నడిమధ్యే నిలిపి ఉంచుతారు. చిన్న ఓబీడీ పరికరం తగిలిస్తే ఫోన్ మీద అసలు అంకె కనిపిస్తుంది.

ఇక బ్రేకులు. వెయ్యి కిలోల కారును 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తెస్తే దాదాపు 730 కిలోజూళ్ళు వేడిగా మారతాయి. రెండు లీటర్లకు పైగా నీళ్ళు మరిగించేంత వేడి, నాలుగైదు సెకన్లలో, ఒక్క మలుపు దగ్గర. రేడియేటర్‌ను వదిలేసిన చెన్నై ఉక్క ఇక్కడ పగబడుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. అది మరిగితే పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. ట్రాక్‌కు ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం ప్రాణానికి సంబంధించిన విషయం.

అంకె నిలబడిన వేళ

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఆ రోజు 35 డిగ్రీలు. రేడియేటర్ కొత్తది కాదు, అదే పాతది, కడిగినది. ముసలాయన కత్తిరించి అంటించిన ఫోమ్ పట్టీలు, కొత్త క్యాప్, కొత్త కూలెంట్. నేను పక్క సీట్లో ఫోన్ పట్టుకుని అంకె చదువుతున్నాను. మొదటి ల్యాపు చివర 101. రెండోదానికి 104. మూడోదానికి 105. నాలుగో ల్యాపులో పొడవాటి స్ట్రెయిట్ చివరికి వచ్చాక కూడా 105. ఎదురుచూసిన అంకె కదలకుండా నిలబడితే కలిగే నిబ్బరం నాకు ఆ రోజు తెలిసింది. సిలిండర్ నుంచి గాలి దాకా ఆ వరసలో ఏ చెయ్యీ మందగించలేదు.

అయిదో ల్యాపు అతను కావాలనే నిదానంగా నడిపాడు, పై గేర్లలో, బ్రేకు దాదాపు తొక్కకుండా. వేడి పుట్టడం తగ్గింది, గాలి మాత్రం వస్తూనే ఉంది. పిట్‌కు వచ్చేసరికి అంకె 92. హ్యాండ్‌బ్రేక్ వేయలేదు. కాగిన డిస్కును ప్యాడ్లు ఒకేచోట పట్టి ఉంచకూడదు. టర్బో బేరింగులకు ఆయిల్ అందేలా నిమిషం పాటు ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి, అప్పుడు తాళం తిప్పాడు.

ఇంజన్ ఆగింది. గ్రిల్ వెనక ఫ్యాన్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. కాగిన లోహం సర్దుకుంటున్న టిక్ టిక్ శబ్దం వినబడుతోంది. గ్రిల్‌కు ముందు చెయ్యి పెట్టి చూశాను. ఫ్యాన్ లోపలికి లాగుతున్న గాలి నా వేళ్ళ మధ్య నుంచి జారిపోతోంది. వరసలో ఆఖరి మనిషి ఇంకా తట్టలు అందుకుంటున్నాడు.